స్టాఫ్ పేజీలో కింద కుడి మూల

నాకు నోరెక్కువ. సూర్యాపేటలో నా షాపు మెట్లెక్కిన ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. ఫ్లెక్సీ వేయించుకోవడానికి వచ్చినవాడు ఎంత పెద్ద నాయకుడి మనిషైనా సరే, వాట్సాప్‌లో పది చేతులు మారి అరిగిపోయిన ఫోటో పట్టుకొస్తే, "దీన్ని పెద్దగ చేస్తే నీ మొఖం ఇటుక పెళ్ళల లెక్క కనబడతది, పోయి మంచిది తే" అని తిప్పి పంపిస్తాను. వాళ్ళు నవ్వుకుంటూ పోతారు, మళ్ళీ వస్తారు. అటువంటి దాన్ని, మా అక్కకు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. చెప్పడానికి రెండు నెలలకు పైగా సమయం ఉండింది.

నా పని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పెళ్ళి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, స్కూలు పిల్లల ఐడీ కార్డులు, ఎండలు ముదిరే ముందు స్కూళ్ళ ఇయర్‌బుక్కులు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాను గానీ, పని నేర్పింది మాత్రం సైన్‌బోర్డులు రాసే ఒక పెద్దాయన. ఆయన బ్రష్షు పట్టే రోజులు అప్పటికే అయిపోయాయి. నేను మొదట పనిచేసిన షాపులో గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏదైనా డిజైన్ చేసి చూపిస్తే, "నాకు సూపియ్యకు. దూరం పోయి కండ్లు సగం మూసి నువ్వే సూడు. ఏది మిగుల్తదో గదే పెద్దది, నువ్వు పెద్దగ రాసింది కాదు" అనేవాడు. ఆయన పాఠం అంతే. కళ్ళు సగం మూస్తే అక్షరాలు చెరిగిపోతాయి, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఒకటో రెండో మచ్చలు మాత్రం నిలబడతాయి. చూపు ముందు వాటి మీద పడుతుంది. అక్కడి నుంచి రెండోదాని మీదకి, ఓపికుంటే మూడోదాని మీదకి. నాలుగోదాన్ని ఎవరూ చూడరు. పేజీ మీద ఈ వరుస వేయడమే మా పని, మిగతాదంతా మౌస్ తిప్పడం.

ఈ వరుస గురించి మా వైపు జనానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఫ్లెక్సీలు చూసీ చూసీ అందరూ ఆరితేరారు. పైన గుండ్రాల్లో ఎవరున్నారు, ఎవరి తల ఎవరి భుజం పక్కన వచ్చింది, పోయినసారి కుడివైపు ఉన్నాయన ఈసారి కిందికి ఎందుకు దిగాడు, అన్నీ చాయ్ తాగుతూ తేల్చేస్తారు. ఎవరికి ఎవరితో చెడిందో పేపర్లో రాకముందే ఫ్లెక్సీలో వస్తుంది. ఒకసారి తుంగతుర్తి వైపు నుంచి ఒకాయన దారం ముక్క పట్టుకుని షాపుకొచ్చాడు. ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీలో తన ఫోటోనీ, వరసకు తమ్ముడయ్యే తన పాలివాడి ఫోటోనీ ఆ దారంతో కొలిచాడట.

"మేడం, వానిది నా కంటె రెండు వేళ్ళు ఎక్కువుంది. ఏందిది?"

"వాని తలనే పెద్దదన్నా, నేనేం జెయ్యాలె?" అన్నాను.

షాపులో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నిలబడి కొత్తది చేయించుకుని, దారంతో కొలుచుకుని మరీ పోయాడు. మా దగ్గర ఫోటో సైజంటే మాటే. నోటితో అనలేని మాట కూడా పేజీ అనేస్తుందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కరోనా రోజుల్లో పెళ్ళి కార్డులు ఆగిపోయాయి, స్కూళ్ళు మూతబడ్డాయి. షాపుకు వచ్చినవల్లా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలే. ఫోన్లో పాస్‌పోర్ట్ ఫోటో వచ్చేది, పేరు వచ్చేది, తెరిచిపెట్టిన ఫైల్లో పాత మొహం తీసి కొత్త మొహం పెట్టేదాన్ని. దండ అదే, దీపం అదే, వెనక మేఘాలు అవే. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఏడుపు రావడం మానేసింది. ఒకరోజు నాతో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న అమ్మాయి ఫోటో వచ్చింది. చెవుల దగ్గర కటింగ్ సరిగ్గా రావడం లేదని విసుక్కున్నాను, అంతే. ఆమె అని తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదలలేదు. రోగం పోయింది, పెళ్ళి కార్డులు మళ్ళీ వచ్చాయి, నాలోని ఆ మొద్దుదనం మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరి ఫోటో తెరిచినా ముందు అంచులు కనబడతాయి, తర్వాత వెలుగు ఎటు నుంచి పడిందో కనబడుతుంది. మనిషి ఆఖరున వస్తారు, కొన్నిసార్లు రారు.

మా అక్క కోదాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచరు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ నాట్లకు పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది, నా చేత అక్షరాలు దిద్దించింది, కంప్యూటర్ కోర్సులో చేర్పించింది. పెళ్ళయి కోదాడ పోయిన కొన్నాళ్ళకు ఆ స్కూల్లో చేరింది. అప్పుడది రెండు రేకుల గదులు, ఇప్పుడు మూడంతస్తులు. పద్దెనిమిదేళ్ళుగా ఆ స్కూలుకు వచ్చిన ప్రతి పిల్ల వేళ్ళు పట్టుకుని పలక మీద మొదటి అక్షరం రాయించింది మా అక్కే. డిగ్రీ లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. బావ నడుము దెబ్బతిని ఆటో నడపడం మానేశాక ఆ ఇల్లు ఆమె ఉద్యోగం మీదే నిలబడింది. ఆ స్కూలు పనులు నాకు ఇప్పించింది కూడా అక్కే. "మా చెల్లె మస్తు చేస్తది సార్, ఒక్కసారి ఇచ్చి చూడండి" అని నన్ను పక్కన నిలబెట్టుకుని కరస్పాండెంట్‌తో చెప్పిన రోజు నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అప్పటి నుంచి ఏటా వాళ్ళ ఇయర్‌బుక్కు నేనే చేస్తున్నాను.

ఆ ఏడు కూడా ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. ఇయర్‌బుక్కులో స్టాఫ్ పేజీ ఎప్పుడూ ఎడమవైపు వస్తుంది. పైన కరస్పాండెంట్, ప్రిన్సిపాల్, వాళ్ళ పక్క నుంచి మొదలుపెట్టి పాతవాళ్ళ నుంచి కొత్తవాళ్ళ దాకా వరుసగా టీచర్లు. ఫ్లెక్సీల అలవాటు కొద్దీ నేను పెట్టుకున్న పద్ధతి అది. ఎవరూ కాదనలేదు కాబట్టి అట్లాగే సాగుతూ వచ్చింది. ఆ పద్ధతిలో అక్క ఎప్పుడూ ప్రిన్సిపాల్ పక్కనే.

ఫోటోలు తీసిన రోజు అక్క పొద్దుటి నుంచీ పిల్లల తలలు దువ్వుతూ, ముక్కులు తుడుస్తూ, టైలు సరిచేస్తూనే ఉందట. తన వంతు వచ్చేసరికి వెలుగు తగ్గిపోయింది. సరిగ్గా కెమెరా నొక్కేటప్పుడు ఎవరో పిల్ల పిలిచినట్టుంది, అటు తిరిగింది. ఆ ఫోటోలో అక్క పక్కకు చూస్తూ ఉంటుంది, నోరు కొద్దిగా తెరిచి, ఎవరికో జవాబు చెప్పబోతూ. మిగతావాళ్ళంతా బిగుసుకుపోయి సూటిగా చూస్తున్నారు. నాకు అక్కదే నచ్చింది. ఎప్పటిలాగే పై వరుసలో పెట్టి డ్రాఫ్ట్ పంపాను.

రెండో రోజు పొద్దున కరస్పాండెంట్ ఫోన్ చేశాడు. మనిషి నెమ్మదస్తుడు, కసురుకోవడం తెలియదు, నన్నెప్పుడూ "అమ్మా" అనే పిలుస్తాడు.

"అమ్మా, బుక్కు బాగుంది. కాకపోతే ఈసారి దీన్ని కొత్త పేరెంట్స్ చేతిలో కూడా పెడతాం. అడ్మిషన్లకి ఇదే మన బ్రోచర్ అనుకోండి. అందుకని స్టాఫ్ పేజీ కొంచెం మార్చాలి. ఈ ఏడు చేరిన బీఈడీ టీచర్లు నలుగురున్నారు గదా, వాళ్ళని పైకి తీసుకోండి. పెద్దగా పెట్టండి."

"సరే సార్."

"మీ అక్కయ్యగారిది..." అని ఆగాడు. "తీసెయ్యొద్దు. తీసేస్తే బాగోదు. కింద ఎక్కడన్నా, చూపు పోని చోట పెట్టండి."

నా చేతిలో పెన్నుంది. "కింద, చూపు పోని చోట" అని కాగితం మీద రాసుకున్నాను కూడా. రాసుకున్నాక అడిగాను, ఎందుకు సార్ అని.

"వచ్చే ఏడు ఆవిడ ఉండరు గదమ్మా. మేనేజ్‌మెంట్‌లో అనుకున్నాం. పేరెంట్స్ అంతా ఇంగ్లీషు మాట్లాడే టీచర్లు కావాలంటున్నారు, నన్నేం చెయ్యమంటారు? పరీక్షలయ్యాక నేనే మర్యాదగా చెప్తాను. అప్పటిదాకా ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకు? మీరు చెప్పకండి."

"చెప్పను సార్" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట నా నోట్లోంచి.

మా వైపు ప్రైవేటు స్కూళ్ళు టీచర్లను ఎండాకాలం సెలవులకు ముందే వెతుక్కుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో మాట్లాడుకుంటేనే జూన్‌లో చేరేది. ఏప్రిల్ ఆఖర్న రోడ్డున పడితే ఎక్కడా చోటుండదు, అందులోనూ నలభై ఐదు దాటిన, డిగ్రీ లేని మనిషికి. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, "టీచర్లు కావలెను" పాంప్లెట్లు చేసేదాన్ని నేనే. ఆ రోజే చెబితే అక్క ఇంకో స్కూలు వెతుక్కోగలిగేది. చెప్పకపోతే లేదు. ఇందులో నాకు తెలియనిదంటూ ఏమీ లేదు.

పేజీ తెరిచాను. దుఃఖమేమైనా వస్తుందేమోనని కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. సరే, పని చేద్దాం అనుకున్నాను. కొత్త టీచర్లు నలుగురినీ పైకి తెచ్చి, పెద్దవి చేసి, వెనక లేత పసుపు వేశాను. ఎడమ పేజీలో కింద కుడి మూల బైండింగ్ మడత పక్కకు వస్తుంది. బుక్కును రెండు చేతులతో పూర్తిగా విప్పితే తప్ప ఆ మూల సరిగ్గా కనబడదు. అక్కను అక్కడికి దించాను. సైజు తగ్గించాను. మిగతావాళ్ళ ఫోటోల చుట్టూ ఉన్న తెల్ల అంచు ఆమెకు తీసేశాను. అక్కది ఆకుపచ్చ చీర, ఆ మూల పేజీ రంగును కూడా కొద్దిగా ఆకుపచ్చ వైపు తిప్పాను. మొహం ఎటు చూస్తుంటే మన చూపూ అటే పోతుంది. అక్క కుడివైపుకు చూస్తోంది, అంటే మడతలోకి. బొమ్మను తిరగేస్తే పేజీలోకి చూసేది. తిరగేయలేదు.

లేచి షాపు గడప దాకా పోయి, అక్కడి నుంచి కళ్ళు సగం మూసి చూశాను. కరస్పాండెంట్ మిగిలాడు, ప్రిన్సిపాల్ మిగిలింది, పసుపు మీద నలుగురు మిగిలారు. అక్క లేదు. పెద్దాయన ఉండుంటే శెభాష్ అనేవాడు. ఇన్నేళ్ళలో నేను చేసిన పేజీల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు, ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఎత్తగానే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"తిన్నవా?"

సాయంత్రం ఆరింటికి ఏం తింటారు? తిన్నా తినకపోయినా తిన్న అంటాను. తర్వాత ఏం కూర, తర్వాత బావ నడుము, తర్వాత క్లాసులో ఎవరు ఎవరిని కొరికారు. కోదాడలో ఉండీ ఉండీ అక్క మాటలో ఆంధ్రా యాస దూరింది. "ఏంటే, మాట్లాడవేంటే?" అంటుంది.

"ఏంటే ఏంది, ఏందే అను. పోయి పోయి కృష్ణ అవతల పడ్డట్టున్నవ్."

"నీ నోరు పడ!" అని నవ్వుతుంది. ఇద్దరం నవ్వుతాం. ప్రతిరోజూ పొద్దున, ఇవాళ చెప్పేస్తాననుకునేదాన్ని. సాయంత్రం నవ్వులయ్యాక ఫోన్ పెట్టేసేదాన్ని. చెప్పాలన్న తొందరా లేదు, దాచానన్న బాధా లేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవి మన మొహం మీదే ఉన్నా మనది కానట్టు ఉంటుందే, అట్లా ఉండింది.

పేజీ మార్చిన వారంలోనే మునగాల నుంచి ఒకాయన వచ్చాడు. హైవే పక్కన చిన్న స్కూలు నడుపుకుంటున్నాడు. పాంప్లెట్ కావాలి, ఒకటో తరగతికి టీచరమ్మ కావాలి అన్నాడు.

"డిగ్రీ గిగ్రీ ఏం రాయకుర్రి మేడం. పిల్లలను ఓపికగ సూసుకునే మనిషైతే సాలు. మీకెవరన్న ఎరుకుంటే జర చెప్పుర్రి."

కోదాడ నుంచి మునగాలకు బస్సు ఎక్కి కూర్చుంటే కిటికీ పక్క సీటు దొరికేలోపే దిగొచ్చు. "సూస్త సార్" అన్నాను. ఆయన పోయాక పాంప్లెట్ చేశాను. "అనుభవం గల ఉపాధ్యాయురాలు కావలెను" అన్న ముక్కను పైన, ఎర్రగా, అన్నిటికంటే పెద్దగా పెట్టాను. గడప దగ్గరికి పోయి చూశాను. ఆ ముక్క ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం అక్క అడిగింది, ఏం పని చేస్తున్నవని.

"పాంప్లెట్."

"ఎవరిది?"

"మునగాల స్కూలుది."

"ఏం పాంప్లెటే?"

"గదే, ఎప్పుడుండేదే" అన్నాను. అప్పుడు మాత్రం భయమేసింది. అక్కంటే కాదు, నేనంటే నాకే భయమేసింది. ఫోన్ పెట్టేశాక ఆ భయం కూడా ఎక్కువసేపు నిలవలేదు.

ఇగ నా నోటితో చెప్పలేనని తెలిసిపోయింది. పేజీయే చెబుతుందిలే అనుకున్నాను. ఆదివారం బావ మందుల కోసం అక్క సూర్యాపేట వచ్చి, డబ్బాలో దోసకాయ పప్పు పట్టుకుని షాపుకొచ్చింది. స్టాఫ్ పేజీ తెర నిండా తెరిచి ఆమె ముందు పెట్టి, "చూస్తుండక్కా, చాయ్ తెస్త" అని బయటికి పోయాను. రోడ్డవతల హోటల్ ముందు చాయ్ చెప్పకుండా ఊరికే నిలబడ్డాను. అద్దంలోంచి అక్క వీపు కనబడుతోంది. కుర్చీ ముందుకు లాక్కుంది, తెర మీదికి వంగింది. దారాలతో ఫోటోలు కొలుచుకునే ఊళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఇన్నేళ్ళూ ప్రిన్సిపాల్ పక్కన ఉన్న తన ఫోటో మూలకు దిగితే తెలుసుకోదా? నేను లోపలికి పోగానే తనే అడుగుతుంది. నేను అవును అంటే చాలు.

రెండు చాయ్‌లు పట్టుకుని లోపలికి పోయాను.

"మస్తుగుందే పేజీ" అంది అక్క. "ఆ నలుగురు పిల్లలు చూడు, హీరోయిన్ల లెక్కున్నరు. ఆ చివర పిల్ల మంచిది. ఒకటో తరగతి అంటే భయపడతది పాపం. రోజూ నా క్లాసులో కూసోబెట్టుకుని నేర్పిస్తున్న."

"మొత్తం చూసినవా?"

"చూసిన." చాయ్ అందుకుంటూ నవ్వింది. "నన్ను మర్చిపోయినవ్ గదనే!"

నా చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"ఏం కాదు తియ్, పని మీద పడ్డప్పుడు అట్లనే అయితది. నాదేమన్న పెండ్లిసూపులా? యాడనన్న ఒక మూలకు పెట్టు. పిల్లలు బుక్కు తెరవంగనే మా టీచరేది అని వెతుక్కుంటరు, అందుకోసం."

"ఉన్నవక్కా."

"ఏడ?"

తెర మీద వేలు పెట్టాను. "గీడ."

అక్క కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఓసినీ! నేనేనా? చీర రంగుల కలిసిపోయిన్నే!" అని నవ్వింది. "అటు చూస్తున్న చూడు, ఒకదాని చెప్పు తెగింది అప్పుడు. ఏడుస్త పిలిచింది." చాయ్ ఊదుకుంటూ తాగింది, డబ్బా కడిగి పంపమంది, బస్సుకు టైమైందని లేచింది.

ఆమె పోయాక అర్థమైంది. దారం పట్టుకుని కొలిచేవాళ్ళు తాము పెద్దగా కనబడాలని కోరుకునేవాళ్ళు. అక్కకు ఆ కోరికే లేదు, అందుకే చిన్నదైపోయిందని తెలియలేదు. నేను మొత్తం తెలివి ఉపయోగించి చేసిన పేజీ నేను చెప్పినట్టే పనిచేసింది. అక్క చూపు కూడా నేను పొమ్మన్న చోటికే పోయింది. తెర మీద పడ్డ నా వేలి మరకను గుడ్డతో తుడిచి ఫైల్ మూసేశాను.

ఆ తర్వాతి వారం ఫైల్ పట్టుకుని మిర్యాలగూడ పోయాను. ఇయర్‌బుక్కులు అక్కడి ఆఫ్‌సెట్ ప్రెస్‌లోనే వేయిస్తాను. రైసుమిల్లుల ఊక గాల్లో తేలుతూ వచ్చి ప్రెస్ కిటికీల మీద పేరుకుంటుంది, వాళ్ళు రోజూ తుడుస్తుంటారు. ప్లేట్లు వేసే ఆయన పేజీలన్నీ ఒకసారి తిప్పి చూసి, స్టాఫ్ పేజీ దగ్గర ఆగాడు.

"మేడం, ఈ మూలకున్న ఫోటో మడతల పోతది. జర లోపలికి జరపనా? రెండు నిమిషాల పని."

"వద్దు, ఉండనీ."

"సగం మొఖం పోతదేమో మేడం. పాపం ఎవరో."

"పోదు, నేను చూసిన" అన్నాను. ఎవరో కాదు మా అక్క అని అంటే ఆయన అడక్కుండానే జరిపేవాడు. అనలేదు. అచ్చయి వచ్చిన మొదటి కాపీ చేతిలో పెట్టాడు. రంగులు సరిగ్గా పడ్డాయా లేదా అని చూసి సంతకం పెట్టాను.

ఏప్రిల్ ఆఖర్న, ఆఖరి పనిరోజున, కరస్పాండెంట్ అక్కను ఆఫీసు గదిలోకి పిలిచి శాలువా కప్పాడు. మర్యాదగా చెబుతానన్నాడు, మర్యాదగానే చెప్పాడు. అక్క ఆ సాయంత్రం నాకు ఫోన్ చేయలేదు. మరుసటి రోజూ చేయలేదు. మూడో రోజు బావ చేశాడు.

"మీ అక్క కోదాడల స్కూళ్ళన్నీ తిరిగొచ్చింది. అందరూ అయిపోయింది అన్నవాళ్ళే. మునగాలల ఒకటుండెనంట, అడుగుదామని పోయింది. నెల కిందనే ఎవరినో పెట్టుకున్నరంట. ఎండలవడి తిరిగి తిరిగి వచ్చి పడుకుంది. నువ్వొకసారి మాట్లాడు."

మాట్లాడతానన్నాను. నేను చేసేలోపు మరునాడు మధ్యాహ్నం అక్కే షాపుకొచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టింది. సంచిలోంచి ఇయర్‌బుక్కు తీసి, బల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో నొక్కి విప్పింది. బైండింగ్ పటుక్కుమంది. ఈసారి వెతుక్కోలేదు, తిన్నగా తన ఫోటో మీద వేలు పెట్టింది.

"ఇది గీడ పెట్టిన నాడే నీకెరుకనా?"

"ఎరుకే."

"మునగాల పాంప్లెట్ నువ్వే వేసినవంట. ఆయన చెప్పిండు."

"నేనే."

చెప్పుకోవడానికి చాలా సిద్ధం చేసుకున్నాను. సార్ చెప్పొద్దన్నాడని, స్కూలు పని పోతుందనుకున్నానని. అవి నిజాలే గానీ అసలు నిజం అవి కావు. నాకు ఏమీ అనిపించలేదు అక్కా, అదే అసలు నిజం. కన్నతల్లి లెక్క పెంచిన మనిషితో ఆ మాట ఎట్లా అంటారు? ఇంకోటి అన్నాను.

"పేజీ చూస్తే తెలిసిపోతదనుకున్న. అందుకే తెరిచిపెట్టి పోయిన అక్కా."

అక్క నా మొహం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టుంటే బాగుండేది.

"నాకు మీ పేజీలు చదవరాదే" అంది. "నోటితోని చెప్పొచ్చు గద. నీకు నోరెక్కువని ఊరంతా అంటది."

బుక్కు అక్కడే వదిలేసి బస్టాండు వైపు నడిచింది. వెనకాల పోలేదు. నీళ్ళ గ్లాసు అట్లాగే ఉంటే నేనే తాగాను.

మే నెలంతా సాయంత్రాలు ఫోన్ మోగలేదు. నేను రెండుసార్లు చేస్తే బావ ఎత్తాడు. ఆ స్కూలు పని మానేశాను. మానేసినందుకు నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు, అక్కకు దాంతో ఒరిగిందీ లేదు.

జూన్‌లో, స్కూళ్ళు తెరిచిన వారంలో, అక్క నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పలకరింపు లేదు. ఇంటి దగ్గర ట్యూషన్ పెడుతున్నట్టు, ఒకటి నుంచి మూడో తరగతి దాకా, చిన్న ఫ్లెక్సీ కావాలన్నట్టు రాసింది. పేరు, ఇంటి గుర్తు, ఫోన్ నంబరు. వాటి కింద ఇంకో ముక్క, "ఫోటో వద్దు."

ట్యూషన్ ఫ్లెక్సీ ఫోటో లేకుండా ఎవరూ వేయించుకోరు. పిల్లను పంపే తల్లి ముందు టీచరు మొహమే చూస్తుంది. ఇయర్‌బుక్కు ఫైల్ వెతికి ఆకుపచ్చ చీర ఫోటో తీశాను. కుడివైపు పెద్దగా పెట్టి, ఈసారి తిరగేశాను. ఇప్పుడు అక్క తన పేరు వైపు, అక్షరాల వైపు చూస్తోంది, చెప్పు తెగిన పిల్లకు జవాబు చెప్పబోతోంది. గడప దగ్గరికి పోయి కళ్ళు సగం మూశాను. అక్షరాలు పోయాయి, నంబరు పోయింది. అక్క ఒక్కతే మిగిలింది. కళ్ళు తెరిచేసరికి తెరంతా చెదిరిపోయి కనబడింది, తుడుచుకుంటే గానీ సర్దుకోలేదు. ఎన్నాళ్ళకో వచ్చాయి అవి.

ఈసారి పంపి ఊరుకోలేదు, ఫోన్ చేశాను. అక్కే ఎత్తింది. వెనక పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"అక్కా, నీ ఫోటో పెడ్త. పెద్దగ పెడ్త. మంచిగొచ్చింది."

"వద్దని రాసిన గద" అంది.

ఆ తర్వాత ఫోన్ చెవికి పెట్టుకుని ఆగాను. తిన్నవా అని అడుగుతుందేమోనని చూశాను. రెండో ఎక్కం అయిపోయి మూడోది మొదలైంది. అక్క ఫోన్ పెట్టేసింది. కూర్చుని, ఫోటో తీసేసి, ఫైల్ పంపించాను.